నీలం సిరా

కూర్చోండి. ఆ స్టూలు కాదు, దానికి ఒక కాలు పొట్టి.
ఆఫీసు తెరవడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.
ఈలోపు మెకాంగ్‌ని చూడండి. అవతలి కొండలు లావోస్‌వి,
చూడటానికి వీసా అక్కర్లేదు.

పాస్‌పోర్టు ఇటివ్వండి.
ముఖమున్న పేజీ, ముద్రలున్న పేజీలు,
బ్యాంకు పుస్తకం మొదట్నుంచి చివరిదాకా.
బ్యాంకు ఉత్తరం మీద తేదీ ఇవాళ్టిదేనా?
నిన్నటిదైతే లేవండి, మళ్ళీ బ్యాంకుకి వెళ్ళండి.
నిన్న అనేది ఆ బల్ల దగ్గర చెల్లదు.

ప్రతి కాపీ మీదా సంతకం. నీలం సిరాతో.
నల్లసిరాతో పెడితే
అది మీ చెయ్యో నా మెషీనో వాళ్ళకి తెలీదు.
ఇదిగో పెన్ను.

నిక్కరుతో వచ్చేశారా!
వెనక మేకుకి మా ఆయన ప్యాంటు వేలాడుతోంది.
దాన్ని తొడుక్కుని ఎంతమంది ఇంగ్లీషువాళ్ళు
ఇంకో ఏడాది సంపాదించుకున్నారో లెక్కలేదు.
నడుం దగ్గర పిన్నీసుంది, చూసుకోండి.

లోపల గొంతు పెంచకండి.
మీ దేశంలో కోపానికి తలుపు తెరుచుకుంటుందేమో,
ఇక్కడ నవ్వుతూనే మూసేస్తారు.
అలాగని ప్రతిదానికీ సారీ అనకండి.
కుర్చీ తగిలినా సారీ, కుక్క తగిలినా సారీ.
మీవల్ల మా వీధికుక్కలకి పొగరెక్కింది.

క్యాలెండర్ చూసి కళ్ళు నులుముకోకండి,
మేం మీకన్నా ఐదొందల నలభై మూడేళ్ళు ముందున్నాం.
అయినా పన్నెండు కొడితే భోజనానికి లేచిపోతాం.

మీ పింఛను విమానం దిగినరోజే గడ్డకట్టిందంటారు,
అందరిదీ అదే మాట, అదే నిట్టూర్పు.
చీజు మానండి. బొప్పాయి సలాడ్ తినండి,
మిరపకాయ ఒకటి చాలు అనండి, మూడు వేస్తారు.
లైసెన్సు లేకుండా స్కూటరెక్కకండి.
బీమావాళ్ళు ముందు మీ విరిగిన కాలు చూడరు,
లైసెన్సు చూస్తారు.

డెస్మండ్ పార్జిటర్ అని ఉండేవారు, గ్రిమ్స్‌బీ నుంచి.
చేపలరేవులో పుట్టానని చెప్పి
బజారులో మా చేపల్ని వేలితో నొక్కి చూసి పెదవి విరిచేవారు,
కొనేవారు.
పదకొండేళ్ళు. తొంభై రోజులకొకసారి
అదే ముఖం, అదే తలదువ్వుడు.
ఈ అద్దం మీదే ఆయన కొంచెం కొంచెంగా ముసలాయనయ్యారు.

పోయిన వానల్లో బువలై ఒక్కతే వచ్చింది.
ఆస్పత్రి కాగితం, ఎంబసీ అడిగిన కాగితం.
ఆయన పుట్టిన ఊరి స్పెల్లింగు ఆమెకి రాదు.
చెల్లెలి నంబరు ఆయన ఫోనులో ఉంది,
ఆ ఫోనుకి తాళంచెవి ఆయన వేలు.
నాలుగు రోజులు చల్లటి గదిలో ఉంచారు,
ఒక్క నంబరు కోసం.

కాబట్టి ఇంకో కాగితం రాయండి. దీన్ని ఏ ఆఫీసూ అడగదు.
ఎవర్ని పిలవాలో, కాల్చాలో పూడ్చాలో,
పాస్‌పోర్టు ఏ సొరుగులో ఉందో.
నవ్వకండి. మీకు యాభై ఎనిమిదేనని నాకూ తెలుసు,
ఇందాకే చదివాను.
రెండు కాపీలు తీస్తాను. ఒకటి మీ ఆవిడకి,
ఒకటి ఆ డబ్బాలో, నా దగ్గర.
వాటికి డబ్బులు తీసుకోను.

మిగతావి తొమ్మిది, పద్దెనిమిది బాట్.
పెన్ను మాత్రం ఇచ్చి వెళ్ళండి.
అందరూ జేబులో వేసుకుపోతారు.
నెల దాటాక బువలై మళ్ళీ వచ్చి
ఈ బల్ల మీద గుడ్డమూట విప్పింది.
ఆయన సొరుగులో దొరికాయట, పదిహేడు నీలం పెన్నులు,
అన్నీ నావే.

మీ చేతిలో ఉన్నది వాటిలో ఒకటి.
కాస్త నొక్కి రాయండి,
మొదట్లో మొరాయిస్తుంది.