కారనీకె పెట్టిన బొక్క

తెల్లారుగట్ల నాలుగ్గొట్టంగ
టార్చిలైటు బండి కిందికి కొట్టిన.
రాత్రి పరిచిన అట్టముక్క మీద
పచ్చటి మరక, అరచెయ్యంత.
నిన్న రూపాయి బిళ్లంతే ఉండె.

కోడిపిల్లలు మూగకముందే
దోసెడు బూడిద తెచ్చి పోసిన.
తియ్యగుంటదంట ఆ నీళ్లు,
తాగితే చస్తయంట.

వెనక ఇరవై రెండు ట్రేల బత్తాయి
తాళ్లతోని కట్టి ఉంది.
ఏడింటికల్ల నల్లగొండ మార్కెట్ల పడాలె.
చండూరుకెళ్ళి ముప్పై కిలోమీటర్ల పైమాటే.
సూది సగం దాటినప్పుడల్ల ఆగుకుంట,
యాడనన్న బోరింగు కాడ
నీళ్లు పోసుకుంట పోదునా?

నీళ్లంటే యాదికొచ్చె,
రెండేండ్లు బోరునీళ్లే పోసిన దీనికి.
ఐదొందల డబ్బా కొనబుద్ధిగాక,
మనం తాగి బతుకుతలేమా
ఇనుముకేమైతదని.
మా నీళ్ల సంగతి ఎరికుండి కూడ.
కాగినకొద్ది గిన్నెకు తెల్లగ పట్టే నీళ్లు,
మోకాళ్లల్ల దిగి కూసునే నీళ్లు.

షెడ్డుకు పోతే ఆరువేలంటరు,
పంపు, లేబరు, ఇంకేదో రాసి.
నా కాడ ఉన్నయేంది?
ఒక పానా సెట్టు, ఫోన్ల ఒక వీడియో,
నలభై రూపాల క్లిప్పు, ఎం-సీల్ ముద్ద,
గదీ కాకపోతే పసుపు.
లారీల మీద తిరిగిన రోజుల్ల చూసిన,
రేడియేటర్ల గుప్పెడు పసుపేస్తే
పుండు మానినట్టు
సన్నబొక్కలు మూసుకునేటివి.

వంటింట్ల డబ్బా వెతుకుతుంటే
చంద్రకళ లేచింది.
"మొన్న కాగిన ఇంజను మూత తీసి
చెయ్యి కాల్చుకుంటివి, అప్పుడూ నా పసుపే."
నవ్వలే. డబ్బా చేతికిచ్చింది.

పైపులన్ని తడిమిన. పొడిగున్నయి.
క్లిప్పులు గట్టిగున్నయి.
గొట్టం చీలి ఉంటే బాగుండు,
అది నాతోని అయ్యే పని.
ఎల్లెలకల పడి మెడ తిప్పి చూస్తే
పంపు కింద, బెల్టు చాటుకు
జొన్నగింజంత బొక్క.
గుండ్రంగ ఉంది, అంచు నున్నగ.
పగిలింది కాదు,
ఎవరో కొలిచి తొలిచింది.
దాంట్లకెళ్ళి ఒక్కొక్క చుక్క.

రెండు రంగుల ముద్ద పిసికి
వేలికొసన పెట్టుకున్న.
పది నిమిషాలు. గంతే.
బత్తాయి మార్కెట్ల.

అప్పుడు యాదికొచ్చిండు పర్వతాలు మేస్త్రీ.
నేను క్లీనరుగున్నప్పుడు
నెత్తి మీద మొట్టికాయేసి చెప్పిండు:
"గది కారనీకె పెట్టిన బొక్కరా.
లోపల సీలు పోయిందని
చెప్పనీకి దానికున్న నోరు.
మూస్తివనుకో, ఊకుంటది.
నీళ్లు బేరింగు దిక్కు మర్లుతయి.
ఇగ చెప్పదు. పట్టేస్తది."

వేలి మీద ముద్ద గట్టిపడుతుంటే
టైరుకు ఒరిగి కూసున్న.
ఇంట్ల ఇంకేమేం మూసిన్నో
లెక్క తియ్యబుద్ధి కాలే.
చాయ పక్కన పెట్టి పోయింది చంద్రకళ,
నా మొఖం చూడకుంటనే.

ట్రేలన్ని సైదులు ట్రాలీకెక్కిచ్చిన,
కిరాయి నా నెత్తిమీదనే.
పర్వతాలుకు ఫోను కొట్టిన.
దుకాణం బందు పెట్టి మూడేండ్లాయె ఆయన.
మోచేతులు చాపరావు, మెడ తిరగదు,
పానా పడితే జారుతదంట.
"పంపు కొనుక్కొని ఐతారం రా.
నువ్వు ఇప్పు, నేను స్టూలేసుకొని కూసుంట.
తప్పు బోల్టు పట్టినప్పుడల్ల తిడుత."
"అంటే నేను చేసుకున్నట్టా,
నీతోని చేపిచ్చినట్టా?"
"పైసలిస్తవా ఇయ్యవా, దాన్ని బట్టి"
అని నవ్వబోయి దగ్గిండు.

ఎండిన ముద్దను గోటితోని గీకేసిన.
అట్టముక్క తీసి
వంటింట్ల స్టీలు గిన్నె పెట్టిన కింద.
టిక్.
చెప్పనీ.

"ఆ గిన్నె ఇగ ఇంట్లకు రావద్దు"
అన్నది చంద్రకళ
గడపల నిలబడి.