భవిష్యత్తుకు ఆరు తోకలు

మంగళవారం రాత్రి, ఆంతోఫగాస్తా రేవులో
చర్చి వెనక గది. ఇసుక గాలి కిటికీని గోకుతోంది.
గూడ్సు బళ్ళ లెక్కలు రాసి రాసి రిటైరైన ఒర్తెన్సియా
సుద్దముక్క పట్టుకుని అంటుంది:
"ఈ కాలానికి క్రియని కోయక్కర్లేదు.
మాటని నిండుగా ఉండనివ్వండి,
చివర ఒక ముక్క తగిలించండి, అంతే.
ఆరు తోకలు. ఒకటి ఈ దేశంలో ఎవరూ వాడరు,
పరీక్ష కోసం నేర్చుకోండి."

కొమెర్, తినడం.
కొమెరే, తింటాను. కొమెరాస్, తింటావు.
తోక మీద చిన్న ఏటవాలు గీత,
గొంతులో గుచ్చుకున్న చేపముల్లులా.
కొమెరేమోస్ దగ్గరికొచ్చేసరికి గీత లేదు.
ఎందుకని అడిగాడు ద్యోల్సన్.
"అక్కడ గుర్తు చేయక్కర్లేదు" అంది,
తనకే అంత నమ్మకం లేనట్టు.

ఉదాహరణ చెప్పమంటే
విస్లాండ్ సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసింది.
వేళ్ళకింకా చేపల వాసన, ఐసు చలి.
ప్రభుత్వ ముద్ర పైన ఒకే మాట:
అవిసరేమోస్. తెలియజేస్తాము.
పదహారు నెలల నాటి భవిష్యత్తు
మడతల దగ్గర చిరుగుతోంది.

ఆ భాషలో మేము అన్నా మనం అన్నా ఒకటే.
అందులో తను ఉందో లేదో
వ్యాకరణం చెప్పదు,
ఆఫీసు కౌంటరు అద్దం చెబుతుంది.

"ఇంకో వాడుక ఉంది" అంది ఒర్తెన్సియా,
గడియారం కేసి చూడకుండా.
"సెరాన్ లాస్ నువేవె. తొమ్మిదై ఉంటుంది.
ఇది రేపటి సంగతి కాదు, తెలియనితనం.
రేపు చేపలు కొంటానని ఇంట్లో ఎవరూ ఇలా అనరు,
కొనడానికి వెళ్తున్నా అంటాం.
ఈ కాలం ఇక మిగిలింది
చట్టానికీ, సందేహానికీ."

విస్లాండ్ రాసింది. చెరిపింది. మళ్ళీ రాసింది.
దోందె ఎస్తరా మి ఎర్మానొ.
మా తమ్ముడు ఎక్కడ ఉంటాడో.
ఇక్కణ్ణించే ఉత్తరానికి బస్సెక్కాడు.
అడవి మొదలయ్యే ఊరి నుంచి ఆఖరి మెసేజి:
కొత్త బూట్లు కరుస్తున్నాయి, అక్కా.

ప్రశ్న గుర్తు మరిచిపోయావు, అనబోయింది ఒర్తెన్సియా.
స్పానిష్‌లో అది మొదట్లోనే పెట్టాలి, తలకిందులుగా,
అడగబోతున్నావని ముందే తెలిసేలా.
అనలేదు. ఎర్ర పెన్నుకి మూత పెట్టేసింది.

'రా' మీద గీత సరిగ్గానే పడింది.
కాస్త గట్టిగా,
వెనక పేజీ దాకా దిగేలా.