శనివారం నా ఖర్చు

శుక్రవారం రాత్రి పన్నెండింటి దాకా
నేను కంపెనీ మనిషిని.
ఆ తర్వాత గదీ, తిండీ, నిద్రా,
మడమ ఒరుసుకుపోతే అంటించే పట్టీతో సహా
అంతా నా ఖర్చు.

మూడు రోజులు త్రియెస్తే రేవు వెనకాల
కొండంత షెడ్డులో
బాయిలర్ అతుకుల మీద టార్చి వేసి
వెంట్రుకవాసి పగులు కోసం వెతికాను.
ఫోర్‌మన్ ఫుల్వియో నా వెనకే నడిచాడు,
పరీక్ష హాలు బయట తచ్చాడే తండ్రిలా.
పద్నాలుగో అతుకు దగ్గర
ఎర్ర సుద్దతో సున్నా చుట్టాను.
ఏమీ అనలేదు. వెళ్లి కాఫీ తెచ్చాడు,
బొటనవేలంత గాజు గ్లాసులో.
"దీనికి మా ఊళ్లో పేరు వేరు.
స్టేషను దాటి ఆ పేరుతో అడిగితే నవ్వుతారు."
జిల్లా దాటితే ఆనపకాయ సొరకాయైపోయే భాష నాది,
అందామనుకున్నాను.
సుద్ద చేత్తో గ్లాసు పట్టుకుని ఊరుకున్నాను.

శనివారం పొద్దున్నే
టిఫిను కలిసొచ్చే హోటల్ ఖాళీ చేసి
రాళ్లు పరిచిన వీధిలో పెట్టె ఈడ్చుకుంటూ పోయాను.
దాని చక్రాల గోలకి
ఒక కుక్క, ఇద్దరు ముసలివాళ్లు కిటికీల్లోకొచ్చారు.
ఐదో అంతస్తు. లిఫ్టు లేదు.
ఇంటావిడ నీవెస్ తాళం చేతిలో పెట్టి
"ఒక్కదానివేనా?" అంది.
ఈ ప్రశ్నకి నా ఎరికలో ఎప్పుడూ ఒక తోక ఉంటుంది.
తోక కోసం ఎదురుచూశాను.
ఆవిడ ఒక తువ్వాలు బల్ల మీద పెట్టి
రెండోది అలమారలోకి తోసేసింది.
అంతే.
వెళ్తూ గుమ్మంలో ఆగి చెప్పింది:
"గాలొస్తే ముందు కిటికీ మూయి,
తర్వాత భయపడు."

సముద్రస్నానానికి ఒక చోటుంది ఆ ఊళ్లో.
ఒడ్డు నుంచి నీళ్లలోకి తెల్లటి గోడ.
అటు మగవాళ్లు, ఇటు ఆడవాళ్లు.
టిక్కెట్టు కాఫీ కంటే చవక.
గోడ చూడగానే నాకు కోపం రావాలి,
ఇంటి నుంచే మడతపెట్టి తెచ్చుకున్నాను దాన్ని.
విప్పే లోపే
ఎనభై దాటిన ఒండీనా
తన చాప జరిపి చోటిచ్చింది.
ఒళ్లంతా ముడతలు, ముడతలంతా ఎండ,
చేతిలో పేకముక్కలు.
నీ మొగుడు అటువైపున్నాడా, అని సైగ.
లేడని తలూపాను.
మనవరాలు యాస్నా ముక్కలు ముక్కలుగా చెప్పింది:
"మా తాత అటున్నాడు.
పెళ్లయి అరవై ఏళ్లు. వేసవి మధ్యాహ్నాలు మాత్రం
తనవే అంటుంది అవ్వ."

కోపాన్ని మళ్లీ సంచిలో పెట్టాను.
పారేయలేదు, పనికొస్తుంది.
అలవాటు చావదు కదా,
గోడకి మూడో వరస దగ్గర సున్నం పెచ్చు లేచింది,
కిందుగా సన్నటి పగులు.
సుద్ద లేదు.

మధ్యాహ్నం పేకాట మధ్యలో
ఒండీనా లేచి, నడుము లోతు నీళ్లలో
గోడ చివరి దాకా నడిచింది.
అటువైపు నుంచి ఒక చెయ్యి వచ్చింది,
మచ్చల చెయ్యి, ఉంగరం బిగిసిపోయిన వేలు.
ముఖం కనబడలేదు.
చేతిలో కళ్లజోడు పెట్టె.
ఆవిడ తీసుకుంది, మాట లేదు.
చెయ్యి ఒక్క క్షణం అక్కడే ఉండి
వెనక్కిపోయింది.
జోడు పెట్టుకున్నాక
వరసగా మూడాటలు గెలిచింది.
నీళ్లలోకి నేనూ దిగాను,
టీషర్టు గాలి పట్టి బుడగలా లేచింది,
ఆడవాళ్లంతా నవ్వారు.
నేనూ నవ్వాను, ఉప్పు మింగి.

సాయంత్రం ఆఫీసు నుంచి సందేశం:
పద్నాలుగు కోసి మళ్లీ అతికారట. సంతకం కావాలి.
సోమవారం పెడతాను.
ఈ రోజు నా సంతకానికి
జీతం లేదు.

కిటికీ దగ్గర నిలబడే
టమాటా, డబ్బా చేపలు తిన్నాను.
తడి తువ్వాలు కుర్చీ మీద,
మోచేతుల మీద తెల్లటి ఉప్పు.
చీకటి పడుతుండగా
కొండ మీంచి దభీమని దిగింది గాలి.
కింద ఎవరిదో పూలకుండీ పగిలింది,
గ్లాసు దొర్లింది, దీపం ఊగింది.

ముందు భయపడ్డాను.
తర్వాత మూశాను.