ఎగ్మూరులో దీపాలదిన్నె

తొమ్మిదింటికి వాచ్‌మన్ తాళం తీస్తాడు.
బకెట్టుతో నేను లోపలికి పోతాను.
రాళ్ళని ముట్టుకోవద్దని ఆఫీసరమ్మ ఆర్డరు.
నేలని మాత్రం ఎంతైనా తుడుచుకోవచ్చు.

ఇరవై రెండేళ్ళుగా
మోకాళ్ళ మీంచే చూస్తున్నాను బుద్ధుణ్ణి.
అసలు చాలా పలకల్లో ఆయన లేడు.
ఖాళీ ఆసనం, రెండు పాదాలు,
చుట్టూ చేతులు జోడించిన జనం.
స్వామిగారు టీకి వెళ్ళారేమో
అనుకునేదాన్ని మొదట్లో.

మావాళ్ళది నెల్లూరు అవతల ఏదో పల్లె.
నేను పుట్టింది పుళియాంతోపులో.
నోట్లో తెలుగు, బోర్డుల మీద అరవం.
ఈ రాళ్ళ మీద రాత రెండూ కాదు.

నిరుడు వానల్లో వచ్చింది సువార్త,
గుంటూరు పిల్ల,
జడలోంచి నీళ్ళు కారుతున్నాయి.
"అక్కా, ఇవి మా ఊరి పక్కవే" అంది,
పోయిన సొత్తు దొరికినట్టు.

కృష్ణ ఒడ్డున ఒక దిన్నె ఉండేదట.
దీపాలదిన్నె అనేవాళ్ళట,
కింద ఏముందో మరిచిపోయాక కూడా.
అంతకు ముందు అది కొండంత స్తూపం,
చుట్టూ తిరిగి తిరిగి
పాదాలు నున్నజేసిన బండలు,
బేరగాళ్ళు, భిక్షుణులు, అత్తరు అమ్మేవాళ్ళు.
తర్వాత ఇటుకల కోసం తవ్వారు,
సున్నం కోసం కాల్చారు.
"ఎవరి గోడకో వెల్ల అయిపోయాడక్కా బుద్ధుడు."
మిగిలినవాటిని దొరలు
బండ్లకెత్తారు, ఓడలకెత్తారు.
కొన్ని లండనుకి. కొన్ని ఇక్కడికి.
ఇక్కడా ఆరుబయట పడి
ఏళ్ళకేళ్ళు ఎండకీ వానకీ నానాయట,
ఉప్పుగాలి నాకిందట వాటిని.

ఉప్పుగాలి సంగతి నాకు తెలుసు.
మా ఇంటి రేకులు చూడండి.

ఒక బొమ్మ కాగితం తీసింది సంచీలోంచి:
నిండుకుండ, దాన్లోంచి తామరలు,
కింద గోళ్ళతో గీకినట్టు అక్షరాలు.
వేలు పెట్టి చదివింది.
విధికుడు.
అమ్మతో, ఆలితో, తోబుట్టువులతో, బిడ్డతో
కలిసి ఇచ్చిన దానం.
"రాజా?"
"కాదక్కా, తోలుపని చేసేవాడు."

చీపురు చేతిలోంచి జారిందని చెప్తే కథవుతుంది.
జారలేదు. గట్టిగా పట్టుకున్నాను.

మా తాత చింతాద్రిపేటలో చెప్పులు కుట్టాడు.
పండగరోజుల్లో గుడి బయట
చెప్పులకి కాపలా ఉన్నాడు.
ఆయన పేరు రేషను కార్డు మీద తప్ప
ఎక్కడా లేదు. అదీ తప్పుగానే.

ఎవడో మావాడు, అన్నేళ్ళ కింద,
డబ్బు కొంగున ముడేసి,
పిల్లని భుజానెక్కించుకుని,
స్తూపం దాకా నడిచిపోయి
నా పేరు కూడా చెక్కండయ్యా అన్నాడు.
చెక్కారు.
ఏం కులమని దాచలేదు వాడు,
ఉలి కూడా దాచలేదు.

పోతూ పోతూ నా పేరడిగింది సువార్త.
పెంచలమ్మ అన్నాను.
నోటుబుక్కులో తెలుగులో రాసి చూపించింది.
నాకు ఆ రాతా రాదు.
ఎంత గుండ్రంగా ఉందో అనుకున్నాను.

ఆ మర్నాటి నుంచి తుడిచే దిక్కు మార్చాను.
గోడ కుడిచేతి వైపు వచ్చేట్టు
అవతలి తలుపు దగ్గర మొదలుపెడతాను.
ఎందుకని అడిగింది ఆఫీసరమ్మ.
ఇటైతే తడి తొందరగా ఆరుతుందమ్మా
అని చెప్పాను.