కేకు మీద డోరీన్

స్పాల్డింగుల, షీప్ మార్కెట్ వెనక సందుల
నేను పనిచేసే షాపు.
పాస్‌పోర్టు ఫొటోలు, తాళంచెవులు,
కప్పుల మీద మనుమల మొఖాలు,
ఈమధ్యనే, కేకుల మీద అతికే తినే కాగితం.

మంగళవారం వానల వచ్చింది డోరీన్ పాస్క్.
సంచిల నుంచి బస్సు పాసు తీసి
"ఈ మొఖమే. ఆదివారం నాకు ఎనభై.
పూలు కలుపు.
పక్కన పెట్టుడు కాదు, లోపలికి,
చాయ్‌ల పాలు కలిసినట్టు" అన్నది.
ఆమె ఇంగ్లిషు నాకు సగమే సమజైతది,
మిగతా సగం మా యాసల వినబడతది.

ఏం పూలు? అని అడిగితే
జవాబియ్యకుండ రెండు చేతులూ కౌంటరు మీద పెట్టింది.
వేళ్ల కొసలు పగిలి గట్టివడ్డయి.
"ముప్పై ఒక్క ఎండకాలాల ముందు
ముప్పై ఒక్కసార్లు టులిప్ తలలు తెంపిన.
పువ్వు పోతేనే గడ్డ బలుస్తది.
కొన్ని ఊరేగింపు బండ్లకు పిన్నులతో గుచ్చేది,
మిగిలినయి గుంటల పోసేది.
ఇంటికి ఒక్కటి తెచ్చుకోలే."

రాత్రి షట్టర్ దించి కూసున్న.
స్కాన్ చేసి పెద్దగ చేస్తే
చెంపలు చుక్కలు చుక్కలుగ విడిపోయినయి.
ముందుగాల అందరికి చేసేదే చేసిన:
కండ్ల కింద తుడిచిన, నుదురు ఇస్త్రీ చేసిన.
దాని మీద ఎర్ర టులిప్పులు ఒక పొర,
పసుపువి ఒక పొర, ఆ పైన తెల్లవి.
మల్టిప్లై నొక్కిన.

ఎరుపు తోలులకు ఇంకింది.
పసుపు గదువ దాకా దిగింది.
తెల్లవి లేవు.
ఈ లెక్కల తెలుపంటే ఒకటి,
దేన్ని గుణించినా అదే మిగులుతది.

సిద్దిపేటల మా చిన్నత్త యాదికొచ్చింది.
గంగాళంల రంగునీళ్లు,
గునుగు కట్టలు తలకిందులు చేసి ముంచితే
మోచేతుల దాకా గులాబీ.
తెల్లగున్నది వరుసల కనబడదే, అనేది.
తెల్ల టులిప్పులను గట్లనే ముంచిన.
తంగేడు మీద గునుగు, గునుగు మీద బంతి పేర్చినట్టు
పొర మీద పొర.
మేము తలలు పైకి పేర్చి కాడలు లోపల కుక్కుతం.
ఇక్కడ తలలు తీసి కాడలు పొలంల నిలబెడతరు.
ఎందుకో ఆ రాత్రి ఇది పెద్ద ముచ్చట లెక్క అనిపించింది.

గురువారం చూసింది డోరీన్.
చానసేపు చూసింది.
"పూలు మంచిగున్నయి. ఈమె ఎవరు?"

నేనేమో నవ్వబోయిన.

"సాళ్లేవి పిల్లా?
సాళ్లు లేని పొలంల పూలెట్ల నిలబడతయి?"

స్టూలు గుంజుకొని నా పక్కకు కూసున్నది.
మాస్కు తెరిచిన. నల్ల బ్రష్షు, ఇరవై శాతం.
నేను దాచినదాన్ని దాచితే
ఒక్కొక్క ముడత తిరిగొచ్చింది.
ఆమె పగిలిన వేలితోని తెర మీద చూపించుకుంట,
"ఇది గాలి. సముద్రం దిక్కుది.
ఇది ఎండ. ఇది మా సూపర్‌వైజరు."
ప్రతి గీత ఒడ్డుకు పూలు జరిపిన.
నుదుటి మీద ఐదు సాళ్లు ఎరుపు,
పెదవి చుట్టు పసుపు.
తెల్లవారి ప్రింటుకు పంపిన ఫైలు పేరు:
డోరీన్, ఆఖరుది, నిజంగ ఆఖరుది, మూడు.

ఆదివారం బౌల్స్ క్లబ్బు హాలు.
కొవ్వొత్తులు ఊదినంక
కత్తి చేతులు మారుకుంట తిరిగింది.
మొఖం మీద కత్తెట్ల పెడతరు?
కొడుకు మొలకు వెట్టుకొని నిలబడ్డడు, మనుమరాలు ఫోను తీసింది.
"ఇటియ్యండి" అన్నది డోరీన్.
సరిగ్గ మెడ కాడ, పువ్వు కింద,
ఒక్కటే ఏటు.
హాలంత గుప్పుమని నవ్వింది,
అందరికన్న ముందు తలే నవ్వింది.

నా పళ్లెంల ఎడమ చెంప,
రెండు సాళ్లు, నేను ముంచిన టులిప్పు ఒకటి.
చెంచా దొరక్క చేతితోనే తిన్న.

బస్సుల ఇంటికి పోతుంటే
వేళ్లకింక గులాబీ.