అద్దం వెనక సన్నని చీలిక

అక్టోబరు రెండో శనివారం
డులూత్ కొండవాలు మీద మా ఇంట్లో
టబ్బుని పగలగొట్టాలని తీర్మానం జరిగింది.
ప్లంబరు చెప్పిన అంకె విన్నాక
మా ఆయన టౌనో మూడు రాత్రులు వీడియోలు చూశాడు.
నాలుగో పొద్దున సమ్మెట కొన్నాడు.

పోత ఇనుము టబ్బు.
మామగారు వెయిక్కో దాటలేకపోతున్న గట్టు అది.
ఆగస్టులో ఒకసారి పడ్డారు.
ఎవరికీ చెప్పలేదు,
మోచేతి మీద కమిలిన మచ్చే చెప్పింది.

మొదటి దెబ్బకి టబ్బు గంటలా మోగింది.
రెండో దెబ్బకి వీధి చివర కుక్క అందుకుంది.
పదిహేనో దెబ్బకి గాని ఎనామిల్ చిట్లలేదు.
చెవుల్లో దూది, కళ్ళకి ఈతకొలను అద్దాలు,
మా సిగ్నె పద్నాలుగేళ్ళ కోపమంతా
ఆ ఇనుము మీద తీర్చుకుంది.
నాకివ్వు, నాకివ్వు అని ఈరో.
తొమ్మిదేళ్ళవాడికి సమ్మెట ఎవరిస్తారు?
బకెట్టు ఇచ్చి పెంకులు ఏరమన్నాం.
ముఖం సమ్మెటంత చేసుకున్నాడు.

స్నానాలు ఎదురింటి డెల్ఫీన్ వాళ్ళింట్లో.
తువ్వాళ్ళు భుజాన వేసుకుని వరసగా రోడ్డు దాటుతుంటే
చెత్తబండి అతను హారన్ కొట్టి నవ్వాడు.
మామగారికి మాత్రం వంటింట్లోనే.
సూప్ గిన్నెలో వేడినీళ్ళు,
కొడుకు చేతిలో రేజరు.
గడ్డం పైకెత్తి, కళ్ళు మూసుకుని
మెడ అప్పగించి కూర్చున్నారు.
నేను గిన్నెలు తోముతూ అటు చూడలేదు.

ఎనిమిదో రోజు
అద్దం బిగించిన మందుల అలమర ఊడదీశాం.
వెనక రేకులో సన్నని చీలిక,
పిల్లల డిబ్బీకి ఉన్నట్టు.
ఇదేంటి, అంది సిగ్నె.
టౌనో గోడ కింది పలకలో గునపం పెట్టి లాగాడు.

జలజలా రాలాయి.
బ్లేళ్ళు.
తుప్పు పట్టినవి, ఒకదాన్నొకటి కరుచుకున్నవి,
ఎర్రటి చేపపొలుసుల్లా మా చెప్పుల దాకా.

గుమ్మం పట్టుకుని నిలబడ్డారు మామగారు.
"వాడేసినవి అందులో వేసేవాళ్ళం.
కింద ఎక్కడ పడతాయో ఎవడడిగాడు?"

తోలు తొడుగులు వేసి, పటకారు ఇచ్చాం.
ఈరో లెక్కపెట్టాడు. ఆ రోజు సమ్మెట మాటే ఎత్తలేదు.
ఏడు వందల ముప్పై దాకా వచ్చి
అంటుకున్నవి ఒకటా రెండా అని అక్కతో తగవు పడి మానేశాడు.
వారానికొకటి చొప్పున పద్నాలుగేళ్ళు,
సిగ్నె నోటిలెక్క.
"నా అంత వయసు గోడలో ఉంది."

"కొన్ని సైమివి," అన్నారాయన.
అత్తగారి పేరు పైకి విని ఎన్నాళ్ళయిందో.
"నా రేజరుతో కాళ్ళు గీసుకునేది.
నాకు తెలీదనుకునేది.
మొద్దుబారిన బ్లేడు దవడకి తెలీదూ?"
నవ్వితే కట్టుడు పళ్ళు కొంచెం జారాయి.

టౌనో వాటిని కాఫీ డబ్బాలో పోసి
మూతకి టేపు చుట్టి, జాగ్రత్త అని రాశాడు, పారెయ్యడానికి.
గురువారం బండి నాలుగుసార్లు వచ్చి వెళ్ళింది.
డబ్బా ఇంకా గరాజులో రంగుడబ్బాల పక్కనే ఉంది.

తర్వాతంతా ఒట్టి పని.
రసమట్టంలో బుడగ మధ్యకొచ్చేదాకా ఊపిరి బిగపట్టడం,
సిమెంటు గట్టిపడేలోగా పోట్లాట ముగించడం.
పట్టుకునే కడ్డీ ఎంత ఎత్తున ఉండాలి?
మామగారిని నిలబెట్టి సిగ్నె పెన్సిలుతో గీసింది.
రెండుసార్లు గీయాల్సి వచ్చింది.
మొదటిసారి ఆయన నిటారుగా నిలబడి మోసం చేశారు.

నవంబరు చివర, సరస్సు మీంచి మంచుగాలి.
మొదటి స్నానం ఆయనదే.
తలుపు బయట మేం నలుగురం
పురిటిగది ముందు కూర్చున్నట్టు కూర్చున్నాం.
నీళ్ళ చప్పుడు. కాసేపటికి ఆయన గొంతు:
"టౌనో, నీళ్ళు కన్నం వైపు కాదురా,
తలుపు వైపు నడుస్తున్నాయి."

వాటం తప్పింది. అరంగుళం.
మా ఆయన గోడకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.
సమ్మెట తెస్తానని ఈరో లేచాడు.
"ఇప్పుడే పగలగొట్టకండి,"
లోపల్నుంచి కేక,
"వేడినీళ్ళు ఇంకా వస్తున్నాయి!"

తలుపు కిందనుంచి నీళ్ళు వచ్చి
మా మేజోళ్ళు తడిపాయి.
కాళ్ళు ముడుచుకుందామని
ఎవరికీ తోచలేదు.