చాప కింద నీరు

చిత్తూర్లో హీటరు ఎవురికప్పా, అని నవ్వినాడు
నాకు ఈ బండి అమ్మినోడు.
నిజమే. మే నెల్లో స్టీరింగు పట్టుకుంటే
అరచేతులు అప్పడాలయ్యే ఊరు.
నీలం నుంచి ఎరుపుకి తిరిగే ఆ మీటని
నాలుగేళ్లు ముట్టుకోనే లేదు.

మునెప్ప ఎక్కినాక ముట్టుకున్నా.

వారానికి మూడు దినాలు
పలమనేరు నుంచి పెద్దాసుపత్రికి, మళ్లా ఇంటికి.
నాలుగు గంటలు నెత్తురు గొట్టాల్లో తిరిగి
కడుక్కొని వచ్చేసరికి
ఆయప్ప ఒళ్లంతా మార్గశిరం.
ముప్పై ఏళ్లు కరెంటు స్తంభాలెక్కిన మనిషి
మొగిలి ఘాటులో దుప్పటి కింద
పిల్లి మాదిరి ముడుచుకుంటాడు.

హీటరు తిప్పితే
తొక్కినంతసేపూ వెచ్చన.
బంగారుపాళ్యం కాడ లారీల ఎనక ఆగితే
మళ్లీ చల్లగాలి, మొండిచెయ్యి.
అద్దానికి మంచు. గుడ్డతో తుడిస్తే
పోదు, జిడ్డుగా సాగతాది.
ఏదో వాసన కూడా, పాకం వాసన.
మా తట్టు బెల్లం వండే కాలం గదా,
గానుగల కాడ నుంచి వస్తా ఉందనుకున్నా.

పొద్దున్నే బానెట్టు ఎత్తితే
డబ్బాలో పచ్చనీళ్లు కింది గీత దిగుంటాయి.
నేల మీద చుక్క లేదు. పైపులు పొడి.
మా వెయ్యడుగుల బోరు నీళ్లు
చెంబెడు పోసి మూత బిగిస్తా.
రెండు దినాలకి మళ్లా అదే గీత.
ఏ దొంగ తాగతా ఉండాడో.

ఒక రాత్రి ముందు సీటు కింద మ్యాటు తడి.
నాకు రేగింది.
"చూసుకొని తాగు మునెప్పా, అంతా ఒలకబోస్తా ఉండావు."

దుప్పట్లోంచి చెయ్యి బయటికొచ్చింది.
పిడికిట్లో దగ్గుమందు సీసా అంత సీసా.
"దినానికి అర లీటరు రా నాకు.
మాత్రలకీ, చారుకీ, నాలిక తడుపుకోడానికీ
అన్నీ కలిపి.
ఒలకబోసుకునే అన్ని నీళ్లు
నాకు యాడివిరా?"

ఘాటు ఎక్కిందాకా నేను రేడియో పెట్టలేదు.

మురకంబట్టులో ఏకాంబరం షెడ్డు.
ముందు ఏమీ విప్పలేదాయన, ఇంజను ఆరనిచ్చినాడు.
ఉడుకు మీద మూత తీసిన శిష్యుడి చెయ్యి చూపించినాడు,
మోచేతి దాకా మచ్చ.
నూనె మూత తిప్పి మజ్జిగ తెలుపు ఉందా అని చూసినాడు. లేదు.
పొగగొట్టం కాడ కూచుని కొంచేపు. ఏం లేదు.
"గుండె బాగుండాది" అన్నాడు.
తరవాత మోకాళ్లేసి మ్యాటు ఎత్తి
వేలు అద్ది ముక్కు కాడ పెట్టుకున్నాడు.

"తాగే నీళ్లు గావు ఇవి. తియ్యటి విషం.
డ్యాష్‌బోర్డు ఎనక చిన్న రేడియేటరుంటాది, దానికి చిల్లి.
నీ ఉప్పునీళ్లే కొరికినాయి.
నీళ్లు తగ్గితే ముందుగా గాలి దూరేది దాంట్లోనే,
ఇంగ వెచ్చన యాణ్నించి వస్తాది?
రెండు గొట్టాలూ కలిపి కట్టేస్తా, నూటయాభై ఇయ్యి.
చిత్తూర్లో హీటరు ఎవురికప్పా."

కొత్తదెయ్యాలంటే?

"డ్యాష్‌బోర్డంతా ఊడబెరకాల. రెండు దినాలు. ఆరు వేలు."

మా పాప స్కూలు ఫీజు జేబులో ఉంది.
ఏకాంబరం నా మొహం చూసి
పానా కింద పెట్టినాడు, టీ చెప్పినాడు.

ఆఖర్న బండి మూతిని గట్టు మీదికెక్కించి
మూత తీసి ఇంజను తిరగనిస్తే
బుడగలు వచ్చినాయి, ఒకటీ ఒకటీ,
చానా సేపు,
లోపల పట్టిపెట్టుకున్న మాటలు మాదిరి.

శుక్రవారం ఘాటులో లారీ ఎనక ఆగినాం.
గాలి వెచ్చగానే వస్తా ఉంది.
తప్పయిపోయిందని చెప్పాలని
గొంతు రెండుసార్లు సవరించుకున్నా.
మునెప్ప అద్దంలోంచి బయటికే చూస్తా
దుప్పటి భుజం మీద నుంచి
జానెడు కిందికి దించినాడు.